అడవిలో తుపాకి: పట్టుకోవడం వేరు, పేల్చడం వేరు

అటవీ సిబ్బందికి తుపాకులు ఇవ్వాలన్న కోరిక కొత్తది కాదు. అడవిలో ఎవరైనా ఉద్యోగి హతుడైనప్పుడల్లా అది పైకి వస్తుంది, కొన్నాళ్లకు సద్దుమణుగుతుంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బెండాలపాడు వద్ద పోడు తగాదాలో ఒక రేంజరు హత్యకు గురైనప్పుడూ ఇదే జరిగింది. శేషాచలం అంచు పల్లెలకు ఈ సంగతి మరీ దగ్గరిది. 2013 డిసెంబరులో ఈ కొండల్లోనే ఎర్రచందనం ముఠా ఇద్దరు అటవీ ఉద్యోగులను కొట్టి చంపింది.

గొడ్డళ్ల గుంపుకు లాఠీతో ఎదురెళ్లమనడం న్యాయం కాదు. అంతవరకు సిబ్బంది మాట సబబే. చట్టమూ అడ్డు చెప్పడం లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షను ప్రకారం, విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగికి తుపాకి పట్టుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. పోలీసుకైనా, ఫారెస్టు గార్డుకైనా ఒకటే. సొంత తుపాకి కావాలంటే మాత్రం అందరిలాగే లైసెన్సు తెచ్చుకోవలసిందే.

చిక్కంతా పేల్చడం దగ్గరే. ఖాకీ చొక్కా వేసుకున్నంత మాత్రాన కాల్చే అధికారం రాదు. ప్రాణం పోతుందనో, తీవ్రంగా గాయపడతామనో సహేతుకమైన భయం కలిగినప్పుడు ఆత్మరక్షణకు ఎదుటివాణ్ణి చంపినా నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షను చెబుతోంది. ఆ హక్కు గార్డుకు ఎంతో మేకల కాపరికీ అంతే. ఇక అరెస్టు మాట. ఎదురు తిరిగిన వాణ్ణి పట్టుకోవడానికి బలం వాడవచ్చు. అయితే మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరారోపణ లేని మనిషిని అందుకోసం చంపే హక్కు లేదు. 2024 జూలై నుంచి అమలవుతున్న నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను ఇది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనూ ఇదే ఉండేది. దుంగ పారేసి పరుగెత్తుతున్న కూలీని వెనుకనుంచి కాల్చి చంపడానికి ఈ రెండూ చోటివ్వవు.

ఆ ఇద్దరు ఉద్యోగులు చనిపోయి ఏడాదిన్నర తిరగకముందే, 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలం అడవిలో ప్రత్యేక కార్యదళం కాల్పులకు తమిళనాడు కూలీలు 20 మంది బలయ్యారు. రాళ్లు, గొడ్డళ్లతో మీదపడితే ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. పట్టుకుపోయి కాల్చారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. జాతీయ మానవ హక్కుల సంఘం సీబీఐ దర్యాప్తు కోరింది. ఒక్కటి మాత్రం అందరికీ తెలిసిందే: తుపాకి ఎదుట నిలబడేది రోజుకూలీ, అసలు వ్యాపారి కొండ ఎక్కడు.

పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాలనీ, సీఐడీ గాని వేరే స్టేషను వారు గాని దర్యాప్తు చేయాలనీ, మెజిస్ట్రేటు విచారణ జరగాలనీ సుప్రీం కోర్టు 2014లో ఆదేశించింది. ఆ తీర్పు పోలీసుల గురించి వచ్చింది. అటవీ శాఖ చేతికి తుపాకి వస్తే ఈ కట్టుబాట్లు దానికీ వర్తిస్తాయని ముందే రాసుకోవాలి. అస్సాం దారి వేరు. అక్కడ 2010 ఉత్తర్వు ప్రకారం, కాల్పులు అనవసరమని మెజిస్ట్రేటు విచారణలో తేలితే తప్ప అటవీ సిబ్బందిపై చర్య ఉండదు. కజిరంగాలో ఖడ్గమృగాల వేటగాళ్లకు అది సరిపోతుందేమో! ఇక్కడి అడవిలోకి వంటచెరకుకు, తేనెకు, తప్పిపోయిన గొర్రె కోసం వెళ్లేవారు ఎందరో ఉన్నారు. చీకట్లో ఎవరు ఎవరో గార్డుకు ఎలా తెలుస్తుంది?

తుపాకులు ఇచ్చేముందు ఎవరికి ఇస్తున్నారో, ఎన్నాళ్లు తర్ఫీదు ఇచ్చారో, ఎవరి ఆజ్ఞపై పేల్చాలో, ప్రతి తూటాకూ లెక్క ఎవరు అడుగుతారో తెలుగులో రాయించి అడవి అంచు పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలి.