గొడవ సవతులది కాదు

ఇద్దరు భార్యలున్న ఇంట్లో గొంతు పెరిగిందంటే ఊరు వెంటనే తీర్పు చెప్పేస్తుంది: ఆడదానికి ఆడదే శత్రువు. నిజామాబాద్ జిల్లా ఏర్గట్లలో విన్నా, బోధన్ శక్కర్‌నగర్‌లో విన్నా అదే మాట. సినిమా దానికి నవ్వులు కూడా జోడించింది. ‘అల్లరి మొగుడు’ (1992), ‘ఏవండీ ఆవిడ వచ్చింది’ (1993), ‘ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు’ (1996) చూసి పెరిగిన తరానికి ఇద్దరి మధ్య నలిగిపోయే మొగుడంటే జాలి. సవతుల అసూయంటే వినోదం. నా దృష్టిలో ఈ అభిప్రాయం తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా.

పారిజాతం కథే తీసుకోండి. నారదుడు తెచ్చిన పువ్వు ఒక్కటి. దాన్ని రుక్మిణికిచ్చింది కృష్ణుడు. నంది తిమ్మన కావ్యం నుంచి ఇన్ని వందల ఏళ్లుగా మనం చెప్పుకుంటున్నది మాత్రం సత్యభామ అలకను.

ఏర్గట్ల వైపు ఆ పువ్వు పట్టాదారు పాసుపుస్తకం. పసుపు పండే భూమి ఆయన పేరు మీద ఉంటుంది, సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం ఆయన ఖాతాలోనే పడుతుంది. 2018లో వచ్చిన రైతు బీమా కింద, పట్టా ఉన్న రైతు చనిపోతే నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి. ఆ నామినీ పెద్దామెనా, చిన్నామెనా? ఆయన చెప్పడు. తెలుసుకుందామని పెద్దామె బయలుదేరితే ఓర్వలేనితనమంటారు. చిన్నామె అడిగితే ఆస్తి కోసమే వచ్చిందంటారు. చెప్పకుండా దాచినవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

పెద్దామెకైనా, చిన్నామెకైనా సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది బీడీల సొమ్ము. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి సంపాదించినది. పీఎఫ్‌లో ఎంత ఉందో, మహిళా సంఘంలో ఎంత పొదుపు చేసిందో, తల్లిగారింట్లో ఏం దాచిందో సవతికి చెప్పదు. దీన్ని కుట్రంటారు. రేపు ఈ ఇంట్లో తనకు చోటుంటుందో లేదో తెలియని మనిషి తన కష్టార్జితాన్ని దాచుకుంటే అది కుట్ర ఎట్లా అవుతుంది? నేనైతే అది ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ఆస్తి అంటాను.

అసలు ఆ ఇంట్లో మొదటి గుట్టు మగవాడిది. మద్రాసు రాష్ట్రంలో హిందువుల రెండో పెళ్లిని 1949లోనే చట్టం ఆపింది. హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న నిజామాబాద్‌కు ఆ నిషేధం 1955 హిందూ వివాహ చట్టంతో గాని రాలేదు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా జైలు, మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల దాకా. కానీ రెండో పెళ్లి తంతు సరిగ్గా జరిగిందని రుజువు చేస్తేనే నేరం నిలుస్తుందని 1965లో భావురావ్ శంకర్ లోఖండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫొటో లేకుండా, పత్రిక లేకుండా, నలుగురైదుగురి మధ్యే ఎక్కడో గుడిలో పెండ్లి కానిచ్చేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు.

“పెద్దామే ఒప్పుకుంది, చెల్లెల్ని తానే దగ్గరుండి ఇచ్చి చేసింది” అని గర్వంగా చెప్పుకునే ఇళ్లున్నాయి. పిల్లలు కాలేదనో, కొడుకు లేడనో నిత్యం సూటిపోటి మాటలు పడి, కాదంటే తల్లిగారింటికి పంపేస్తారన్న భయంతో అన్న “సరే” అది. ఆ సరేతో రెండో పెళ్లి చెల్లదు. “ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా కలిసున్నారు” అనే మెచ్చుకోలు నాకు తిట్టుకన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. అది వాళ్ల నోరు మూయించడానికి వాడే మాట.

ఇది ఫలానా మతంవాళ్ల సంగతిలే అని తప్పించుకోవడానికీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పినవాళ్లు హిందూ స్త్రీలలో 1.3 శాతం, ముస్లిం స్త్రీలలో 1.9 శాతం. చట్టం నిషేధించినచోట కూడా తేడా అంతే.

చిన్నామె మీద ఊరికున్న కోపం మరీ ఘోరం. 2011లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, మొదటి పెళ్లి సంగతి దాచి చేసుకున్నవాడి మీద రెండో ఆమె కూడా ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. మోసపోయిన రెండో భార్యకు భరణం ఇవ్వాల్సిందేనని 2013లో మరో తీర్పు వచ్చింది. మరి తెలిసీ, అక్క కోసం, అమ్మానాన్నల మాట కాదనలేక వచ్చిన చెల్లెలి గతి? ఆమె పిల్లలకు హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ కింద తండ్రి ఆస్తిలో వాటా ఉంది. భార్యగా ఆమెకు మాత్రం ఏ వాటా లేదు.

అందుకే సవతుల పంచాయితీ అంటూ ఏదైనా వస్తే పెద్దమనుషులు ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి సర్దుకుపొమ్మనడం మానాలి. ఆయన్ని పిలవాలి. పాసుపుస్తకం, బీమా కాగితం, గల్ఫ్‌కు పోయినవాడైతే వీసాకు తెచ్చిన అప్పు పత్రాలు తెప్పించి, ఇద్దరి ముందూ పైకి చదివించాలి.