మర్ఫీ తలలో స్కైనెట్
రెండు వేర్వేరు సైన్స్ ఫిక్షన్ లోకాలను ఒకచోట కలిపి ఊహించడం పిల్లచేష్ట అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. ఎవరు గెలుస్తారన్న పందెం దగ్గరే ఆగిపోతే మాత్రం అది చప్పబడిపోతుంది. 2004లో వచ్చిన ‘ఏలియన్ వర్సెస్ ప్రిడేటర్’ సినిమా నన్ను నిరాశపరచింది అందుకే. 1992లో డార్క్ హార్స్ సంస్థ తెచ్చిన ‘రోబోకాప్ వర్సెస్ ది టెర్మినేటర్’ కామిక్ సంగతి వేరు. రచన ఫ్రాంక్ మిల్లర్, బొమ్మలు వాల్ట్ సైమన్సన్. స్కైనెట్ అనే కంప్యూటర్ వ్యవస్థకు తెలివి ఎలా వచ్చిందో 1984 నాటి ‘టెర్మినేటర్’ పెద్దగా చెప్పదు. 1987 నాటి ‘రోబోకాప్’లో హతుడైన పోలీసు మర్ఫీని ఒక కంపెనీ యంత్రంగా మార్చి మళ్లీ విధుల్లోకి దింపుతుంది. మిల్లర్ ఈ రెంటికీ ముడివేశాడు: మనిషి మనసును యంత్రంతో కలిపిన ఆ పరిజ్ఞానమే స్కైనెట్ స్పృహకు మూలమన్నాడు. దాంతో స్కైనెట్ బారి నుంచి మానవజాతిని కాపాడటానికి భవిష్యత్తు నుంచి వచ్చిన ఒక యోధురాలు మర్ఫీనే చంపాలనుకుంటుంది. అతను ఏ నేరమూ చేయలేదు, పైగా తానే బాధితుడు. ఎంత దారుణమైన ధర్మసంకటం! అది ఆ రెండు సినిమాల్లో దేనిలోనూ విడిగా లేదు, కలిపితేనే పుట్టింది. 2012లో ‘స్టార్ ట్రెక్’, ‘డాక్టర్ హూ’ లోకాలను కలిపిన కామిక్‌లో బోర్గ్, సైబర్‌మెన్ అనే విలన్లు చేతులు కలుపుతారు. మనుషుల్ని యంత్రాలుగా మార్చడమే ఇద్దరి పనీ కాబట్టి అక్కడ నాకు కొత్తగా దొరికింది తక్కువే. ఇలాంటి కలయికలు ఊహించే అలవాటు మీకుంటే, ముందు మిల్లర్ కామిక్ నాలుగు సంచికలూ వెతికి చదవండి.