ఎవరూ అడగకముందే ఇచ్చిన జవాబు



పోయిన ఇత్వార్ నాడు మా ఇంట్లో ఒక కాగితం మీద జగడమైంది. జాయ్‌దాద్ కాగితం కాదు, నికాహ్‌నామా కాదు. పాటల ఫెహరిస్త్.

మా బేటీ ఇంటర్ చదువుతోంది. దోస్తులంతా కలిసి ఒక ఆట పెట్టుకున్నారట. నీకిష్టమైన బ్యాండ్ మీ ఊరొచ్చి ఒక్క రాత్రి పాడితే, ఏ పాటతో మొదలెట్టాలి, ఏ పాటతో ముగించాలి? "అబ్బా, మీరూ రాయండి" అంది. నేను రాశాను. నా బ్యాండ్ జునూన్. జగా హైదరాబాద్ పాతబస్తీలోని కులీ కుతుబ్ షా స్టేడియం. ఇషా నమాజ్ అయ్యాక మొదలు.

జునూన్ పేరు వినని నేటి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్తా. 1990లో పాకిస్తాన్‌లో పుట్టిన రాక్ బ్యాండ్ అది. గిటార్ సల్మాన్ అహ్మద్‌ది. లాహోర్‌లో డాక్టరీ చదివి, స్టెతస్కోప్ పక్కన పెట్టేసినవాడు. గొంతు అలీ అజ్మత్‌ది. బేస్ గిటార్ బ్రయాన్ ఓకానెల్‌ది. అతను అమెరికావాడు, సల్మాన్‌కు అక్కడి స్కూల్ దోస్త్. ఎలక్ట్రిక్ గిటార్ పక్కన తబలా కూర్చోబెట్టి, బుల్లే షా కలామ్‌నూ ఇక్బాల్ షాయరీనీ రాక్‌లో పాడారు. 1997లో వచ్చిన 'ఆజాదీ' ఆల్బంలోని 'సయోనీ' మరుసటి ఏడు మన దేశంలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో మోగింది. అప్పుడు నేను కర్నూలులో ఉన్నా. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు సాహిత్యం డిగ్రీలో చేరిన కొత్త. పొద్దున ప్రబంధాలు, రాత్రి జునూన్ క్యాసెట్.

నా ఫెహరిస్త్ ఇది. మొదట 'జమానే కే అందాజ్', తర్వాత 'ఖుదీ', 'తలాష్', 'యార్ బినా', 'సయోనీ', 'సజ్నా', 'గరజ్ బరస్', 'ఎహ్తెసాబ్', చివర 'బుల్లేయా'.

ఎందుకీ వరస? మన బుజుర్గులకు సెట్‌లిస్ట్ అనే మాట తెలియదు గానీ ఆ పని తెలుసు. దర్గాలో ఖవ్వాలీ మహఫిల్ చూసినవాళ్ళు యాద్ చేసుకోండి. ముందు హమ్ద్, తర్వాత నాత్, ఆ తర్వాత మన్‌ఖబత్. చివరకు రంగ్. ఏ ఖవ్వాల్ కూడా రంగ్‌తో మొదలెట్టడు. మనిషి దిల్ ఒక్కసారిగా తెరుచుకోదు, ఒక్కో గడియా తీయాలి. అందుకే ఇక్బాల్ 'సాఖీనామా' నుంచి తీసుకున్న 'జమానే కే అందాజ్' ముందు పెట్టాను. జమానా మారింది, లే, అని తట్టి లేపే పాట అది. అందరికీ తెలిసిన 'సయోనీ' నట్టనడుమ. దాన్ని చివర పెడితే జనం దానికోసమే కూర్చుంటారు, మిగతా పాటలు బస్టాండ్‌లో వెయిటింగ్ లాగా గడుస్తాయి. అందరినీ హిసాబ్ అడిగే 'ఎహ్తెసాబ్' తర్వాత, నేనెవరో నాకే తెలియదనే 'బుల్లేయా'. ముందు దునియాను నిలదీయాలి, తర్వాత తనను తాను. ఇంటికి ఆ సవాల్‌తోనే పోవాలి.

భోజనాలయ్యాక ఆ కాగితం చేతులు మారింది. కలం కూడా మారింది. అసలు కథ అక్కడ మొదలైంది.

మొదటి కలం మా దుల్హేభాయ్‌ది. 'ఖుదీ', 'బుల్లేయా' రెంటినీ కొట్టేశారు. "బుజుర్గుల కలామ్‌కు గిటారా? తౌబా తౌబా" అన్నారు. ఒక మాట సాఫ్‌గా చెప్తా. సంగీతం విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. వినకూడదని నమ్మి నిజంగా విననివారిని నేను ఇజ్జత్ చేస్తా, వారితో నాకు బహస్ లేదు. నా బహస్ వేరేవారితో. కొడుకు బరాత్‌లో మర్ఫా మోగించి, చాలక డీజే పెట్టించి, సినిమా పాటలకు నోట్లు విసిరినవారు, బుల్లే షా కలామ్‌కు గిటార్ మీటగానే షరీఅత్ గుర్తు తెచ్చుకుంటే ఎట్లా? దుల్హేభాయ్‌ను అదే అడిగాను. "అది షాదీ మియా" అన్నారు. అంటే అర్థంలేని పాట హలాల్, ఆలోచింపజేసే పాట హరామ్! బుల్లే షా బతికుండగా ఆయన మీద కోపం తెచ్చుకున్నవాళ్ళకూ ఆయన రాగంతో పేచీ లేదు, ఆయన మాటతోనే పేచీ. తెలుగు చదువుకున్నవాడిగా చెప్తున్నా, మన వేమనకూ అంతే. పద్యం బాగుందన్నవాళ్ళే పద్యంలోని దెబ్బ తమకు తగిలితే మొహం తిప్పుకున్నారు.

రెండో కలం ఫోన్లోంచి వచ్చింది. ఫొటో తీసి పంపితే నా ఆఫీసు దోస్త్ జవాబిచ్చాడు. "నక్కో భాయ్. పాకిస్తాన్ బ్యాండా? పేపర్లో నీ పేరుతో వార్తలొస్తాయి. ఒక్క స్క్రీన్‌షాట్ చాలు. ఇంగ్లీషు బ్యాండ్ ఏదైనా రాసుకో." అతను ఒక పాట కాదు, మొత్తం కాగితాన్నే కొట్టేశాడు.

అతని భయం ఝూట్ అని నేననను. స్టేటస్ పెట్టి స్టేషన్ మెట్లెక్కిన పిల్లల వార్తలు నేనే దిద్దాను. కానీ ఆ బ్యాండ్ తారీఖ్ ఒక్కసారి చూడండి. 1996లో పాలకుల అవినీతిని నిలదీస్తూ 'ఎహ్తెసాబ్' తీస్తే, పాకిస్తాన్ ప్రభుత్వ టీవీ ఆ వీడియోను ఆపేసింది. అప్పుడు గద్దె మీద బేనజీర్ భుట్టో. 1998లో ఇండియా వచ్చి పాడి, రెండు దేశాలూ అణు పరీక్షలు జరిపిన ఆ రోజుల్లో అమన్ మాట మాట్లాడితే, అక్కడి ప్రభుత్వ టీవీ, రేడియో ఈ బ్యాండ్‌ను బంద్ చేశాయి. అప్పుడు గద్దె మీద నవాజ్ షరీఫ్. ఒకరికొకరు దుష్మన్ అయిన రెండు హుకూమత్‌లకు ఈ ఒక్క బ్యాండ్ విషయంలోనే దోస్తీ కుదిరింది! ఇండియాతో మొహబ్బత్ ఎక్కువైందని అక్కడ సజా పడినవాళ్ళ పాట వింటే, ఇక్కడ మన వఫాదారీకి దెబ్బా? ఇది ఎక్కడి ఇన్‌సాఫ్?

ఇంకా వినండి. 'గరజ్ బరస్' 2003లో 'పాప్' అనే హిందీ సినిమాలోకి వచ్చింది. దేశమంతా పాడుకుంది, ఎవరి దేశభక్తీ కరగలేదు. 2008 మేలో జునూన్ శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున పాడింది. అక్కడ తుపాకులు పట్టినవాళ్ళు వద్దన్నారు, అయినా పాడింది. ఇక ఇక్బాల్ అంటారా? 'సారే జహాఁ సే అచ్ఛా' రాసింది ఆయనే. ప్రతి ఆగస్టు 15న మన బడిపిల్లలు పాడేది ఆయన్నే. 1910లో హైదరాబాద్ వచ్చి, గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీల మక్బరాలు చూసి 'గోరిస్తాన్-ఎ-షాహీ' అనే నజ్మ్ రాసిందీ ఆయనే. అట్లాంటి షాయర్ కలామ్ అదే హైదరాబాద్‌లో గిటార్ మీద మోగితే పరాయిదవుతుందా?

మూడో కలం మా బేగంది. ఆమె పాటలేవీ కొట్టేయలేదు. "అన్నీ బాగున్నాయి. స్టేటస్‌లో మాత్రం పెట్టకండి" అని కాగితం మడిచి, ఖురాన్ షరీఫ్ రిహల్ ఉన్న అల్మారాలో కాకుండా, కరెంటు బిల్లులుండే డబ్బాలో పెట్టింది. మిగతా ఇద్దరికంటే ఈ మెత్తటి మాటే నన్ను ఎక్కువ పొడిచింది.

ఎందుకంటే నాలుగో కలం నాది.

1999 ఎండాకాలం. కార్గిల్ జంగ్ నడుస్తోంది. హాస్టల్ గదిలో నా దగ్గర 'ఆజాదీ' క్యాసెట్ ఉంది. నా రూమ్మేట్లు మంచివాళ్ళు. 'సయోనీ' వాళ్ళకూ నోటికొచ్చు. ఎవరూ ఏమీ అనలేదు, అడగలేదు. ఒక రాత్రి నేనే లేచి, డబ్బాలోంచి జునూన్ అట్ట తీసి చింపేసి, ఒక తెలుగు సినిమా పాటల అట్ట పెట్టాను. క్యాసెట్ మీది లేబుల్ బ్లేడుతో గీకేశాను. తర్వాత నెలల తరబడి ఆ క్యాసెట్ దొంగసొమ్ములాగా విన్నాను. ఎవరూ వేయని సవాల్‌కు నేను జవాబిచ్చేశాను. ఆ జవాబు ఏమిటి? "అవును, నా మీద షక్ పడటం సబబే" అని. గీకిన బ్లేడు నా చేతిలోనే ఉంది కదా, ఇంక ఎవరిని తప్పుపట్టను?

ఖౌమ్‌తో నా ఫిర్యాదు ఇదే. బయటివాళ్ళు అన్యాయం చేస్తే రాయడానికి నాకు కలం ఉంది, రాస్తూనే ఉన్నా. కానీ బయటివాడు తలుపు కొట్టకముందే మనం ఇల్లు సర్దేస్తున్నాం. పిల్లాడి ఫోన్లోంచి గజల్ తీసేయిస్తాం. రైల్లో ఉర్దూ రిసాలా మడిచి పెడతాం. సలామ్ మెల్లగా చెప్తాం. ఒక్కోటీ చిన్న కొట్టివేతే. అన్నీ కలిపితే కాగితం మీద ఏం మిగిలింది? ఆ రోజు మా ఇంట్లో మిగిలింది 'సయోనీ' ఒక్కటే. ఎవరికీ ఇబ్బంది లేని పాట. ఒక్క పాటతో మహఫిల్ కాదు కదా, ఫోన్ రింగ్‌టోన్ అవుతుంది.

కొట్టివేతల నష్టం అంతటితో ఆగదు. నా ఫెహరిస్త్‌లో 'జజ్బా-ఎ-జునూన్' లేదు, చూశారా? 1996 క్రికెట్ వరల్డ్ కప్ రోజుల్లో వచ్చిన పాట. పాకిస్తాన్ టీమ్ అభిమానుల నోళ్ళలో నానిన పాట. మా బేటీ పసిగట్టింది. "అబ్బా, ఇది వాళ్ళ పెద్ద హిట్ కదా, ఎందుకు పెట్టలేదు?"

"అది స్టేడియం అరుపు బేటా. ప్రచారం కోసం చేసిన పాట. దాంట్లో షాయరీ తక్కువ."

"అందుకేనా?"

జవాబు ఇవ్వలేకపోయాను. నిజంగానే ఆ పాట నాకు నచ్చదా? లేక పాతికేళ్ళ కింద బ్లేడు పట్టిన చెయ్యే దాన్ని కూడా రాయకముందే గీకేసిందా? వల్లాహ్, నాకే తెలియడం లేదు. భయం చేసే అసలు నష్టం ఇదే. పాట తీసుకుపోవడం చిన్న సంగతి. నీకేది ఇష్టమో, ఏది కాదో నీకే తెలియకుండా చేస్తుంది. పసంద్ కూడా పరాయిదైపోతుంది.

అందుకే కరెంటు బిల్లుల డబ్బాలోంచి కాగితం బయటికి తీశాను. తొమ్మిది పాటలూ మళ్ళీ రాశాను. 'జజ్బా-ఎ-జునూన్' పక్కన సవాల్ గుర్తు పెట్టి ఉంచాను. ఈ వారం రోజూ వింటున్నా, తలుపు తెరిచి, సౌండ్ పెంచి. నచ్చకపోతే కొట్టేస్తా. కానీ ఈసారి కొట్టేసేది నా చెవి కావాలి.

మీ ఇళ్ళల్లో కూడా ఈ ఆట ఆడండి. జునూనే అక్కర్లేదు. నుస్రత్ కావచ్చు, ఇళయరాజా కావచ్చు, ఇంగ్లీషు బ్యాండ్ కావచ్చు. పిల్లలను రాయనివ్వండి. తర్వాత కలం వాళ్ళ చేతిలోంచి లాక్కోవాలని మీ చెయ్యి లేస్తే, ఒక్క నిమిషం ఆగి అడగండి, ఈ కొట్టివేత ఎవరు చెప్తే చేస్తున్నాను అని.

ఖుదా హాఫిజ్.