192 కన్నా రెండు మేలు

ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలనుకునే మనవాళ్లు చాలామంది ముందు చూసేది, డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్ అని ఉందా లేదా అని. నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన అంకె.

సిగ్నల్స్ క్లాసులో నైక్విస్ట్ సూత్రం చదివాం కదా! వినాల్సిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ వేగంతో శాంపిల్స్ తీస్తే చాలు. మన చెవి హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్. అందుకే సీడీకి 44.1 సరిపోయింది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే హాస్టల్ గదికి బోలెడు. పైన ఫ్యాను తిరుగుతుంటే 192లో మరింత శ్రద్ధగా రికార్డయ్యేది ఆ ఫ్యానే!

డబ్బు పెట్టాల్సింది మైకు ఇన్‌పుట్ల మీద. ఒక్క ఇన్‌పుట్ ఉన్నది చవకే. కానీ కోనసీమలో అమ్మమ్మ ఊడ్పుల పాట ఎత్తుకుంటే, వంత పాడేవాళ్లకు మైకేదీ? రెండు ఉంటే రెండు గొంతులూ విడివిడి ట్రాకుల్లో పడతాయి. హెచ్చుతగ్గులు తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

ఇంకో రెండు సంగతులు చూడండి. కండెన్సర్ మైకు వాడేటట్టయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉండాలి. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునేదైతే, ల్యాప్‌టాప్‌తో చేను గట్టు మీదైనా పని నడుస్తుంది.

ఊడ్పులకు యంత్రాలొచ్చాక ఆ పాటలు పాడే సందర్భమే తగ్గుతోంది. సంక్రాంతి సెలవులంటే దాళ్వా ఊడ్పుల కాలం. గదిలో మన కవర్ సాంగ్ ఎప్పుడైనా పాడుకోవచ్చు. ఆ గొంతులు మాత్రం ఎప్పుడూ ఉండవు. కొనే పెట్టె వాళ్లిద్దరికీ సరిపోయేలా కొందాం.