బుట్ట అడుగున

మేడ్చల్‌లో ఏ హోటల్ ముందు చాయ్ తాగుతూ నిలబడినా పక్కనుంచి ఒక మాట చెవిన పడుతుంది: ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత?’ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా దిక్కు పంటలతో పాటు ముచ్చట్లూ మారాయి. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఈ ఒక్క లెక్క మాత్రం నేనూ తప్పే చేశాను.

2006లో మేడ్చల్ దగ్గర 200 గజాల ప్లాటు కొన్నాను. గజం రెండు వేల చొప్పున నాలుగు లక్షలు. దస్తావేజులో రాయించింది లక్షా 20 వేలు. మిగతా రెండు లక్షల 80 వేలు చేతిసంచీలో పెట్టి ఇచ్చాను. ‘పైసలన్నీ ముట్టినయా?’ అని రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగితే, అమ్మినాయన ‘ముట్టినయి’ అన్నాడు. ఆయన మాట నిజమే, కాగితమే అబద్ధం. స్టెప్పులు రాయనిదే మార్కులు వేయనని పొద్దున పిల్లల్ని గదమాయించి, మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లి నేను చేసిన పని అది.

2025లో చిన్నమ్మాయి పెళ్లి కోసం ఆ ప్లాటు అమ్మకానికి పెట్టాను. గజం 20 వేలు పలికింది. మొత్తం 40 లక్షలు. సర్కారు రేటు లెక్కన అయితే 16 లక్షలే. ఏజెంటు మా అరుగు మీద కూర్చుని తేల్చేశాడు: ‘సారూ, పదహారు వైట్ల, ఇరవై నాలుగు బ్లాక్ల. అందరూ గిట్లనే రాసుకుంటరు.’

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. లాభం మీద పన్ను 12.5 శాతం. 24 లక్షలు దాచితే నాకు మిగిలేది మూడు లక్షలు. కొనేవాడికి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం చొప్పున లక్షా 80 వేలు మిగులుతుంది. అదే కాగితం మీద నా పాత అబద్ధానికీ లెక్క తేలింది. అప్పట్లో సంచీలో ఇచ్చిన రెండు లక్షల 80 వేలు ఏ కాగితంలోనూ లేవు కనుక, ఇప్పుడు అవీ నా లాభంలోకే వస్తాయి. వాటి మీద పన్ను 35 వేలు. పంతొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన బిల్లు.

మా ఇంటావిడతో ‘మొత్తం వైట్‌లోనే అమ్ముదాం’ అన్నాను. ఆమె ఒక్క మాటే అడిగింది: ‘మూడు లక్షలంటే మూడు తులాల బంగారం. మీ నిజాయితీని పిల్ల మెడల ఏసుకుంటదా?’ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మొదట వచ్చిన ఇద్దరూ నా షరతు విని వెళ్లిపోయారు. రెండు నెలల తర్వాత మూడో మనిషి వచ్చాడు. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబులో పనిచేసే కుర్రాడు. ‘సార్, నా జీతం మొత్తం బ్యాంకులోనే పడుతుంది. 24 లక్షల నగదు నేనెక్కడ తేను? ఏడాదిగా తిరుగుతున్నా, ప్లాటు చూపించిన ప్రతివాళ్లూ బ్లాకే అడుగుతున్నారు’ అన్నాడు. బ్యాంకేమో దస్తావేజులో రాసిన ధరను బట్టే లోను ఇస్తుంది. 16 లక్షలని రాస్తే ఆ లోనూ చిక్కిపోతుంది. మిగతాది బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే, 24 లక్షలకు నెలకు 48 వేలు. రిజిస్ట్రేషన్‌లో మిగిలే లక్షా 80 వేలు నాలుగు నెలల వడ్డీకే కరిగిపోతాయి. పన్ను కోసి జీతమిచ్చే నౌకరు చేసేవాడు తన తెల్లడబ్బును అప్పు చేసి నల్లగా మార్చుకుంటే తప్ప మా ఊళ్లో గజం జాగా కొనలేడన్నమాట.

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. ఒకప్పుడు శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలు బాగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు లేత పచ్చగా వేలాడేవి. నాయన ఒక తోటలో జీతముండేవాడు. బుట్టలు కట్టేటప్పుడు యజమాని చెప్పినట్టే రాలిన పండ్లు, నలిగిన గుత్తులు అడుగున పరిచి, నిగనిగలాడేవి పైన పేర్చేవాడు. ఈ సంగతి పట్నం మార్కెట్లో వ్యాపారులకు తెలియదా? తెలుసు. అందుకే ఎవరి బుట్ట దింపినా, విప్పి చూడకుండానే ‘తరుగు’ కింద ఇంత అని కోసేవారు. అడుగున కూడా మంచి పండే పెట్టిన రైతుకూ అదే కోత. ‘మనం జేసిన పనికి వాళ్లు గూడ కడుతున్నరు బిడ్డా’ అనేవాడు నాయన.

ఆ తోటలు పోయి ప్లాట్లు వచ్చినా తరుగు పోలేదు. ఇప్పుడది ఆ ల్యాబు కుర్రాడి నెత్తిన పడుతున్నది.

ఈ చుట్టుపక్కల ఏ తహసీల్దారో, సర్వేయరో లంచం తీసుకుంటూ ఏసీబీకి దొరికారని పేపర్లో వస్తే చాయ్ హోటల్లో అందరం తిట్టిపోస్తాం. గ్లాసు కింద పెట్టగానే మళ్లీ వైట్ ఎంత, బ్లాక్ ఎంత. ఆ బ్లాక్ లేకపోతే ఆఫీసర్ల చేతుల్లోకి వెళ్లే నగదు కట్టలు ఎక్కడినుంచి వస్తాయి? స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2015 జూన్ నుంచి చట్టమే ఉంది. తీసుకున్నంతా జరిమానాగా పోవచ్చు. పొలాల కోసం ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబర్ 29న మా పక్కనున్న మూడుచింతలపల్లిలోనే ప్రారంభించారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టళ్లు ఎన్ని మారినా, పొలానికైనా ప్లాటుకైనా ధర గడిలో అంకె చెప్పేది మనమే.

సర్కారు తప్పు లేదనను. తెలంగాణ వచ్చాక 2021 జులై దాకా మార్కెట్ విలువలే సవరించలేదు. 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచినా, బజారు ధరకూ సర్కారు ధరకూ మధ్య ఇంత సందు ఉంటే అబద్ధానికి చాప పరిచినట్టే. విలువను బజారు ధర దగ్గరికి తెచ్చి, ఏడున్నర శాతాన్ని తగ్గిస్తే ఖజానాకు నష్టముండదు, జనానికి దాచే పనీ తగ్గుతుంది. అది సర్కారు చేయాల్సింది. ఆ రోజు వచ్చేదాకా నా సంతకం నాది.

ఇందులో నా గొప్పేమీ లేదు. నాకు నెలనెలా పెన్షన్ వస్తుంది, అందుకే రెండు నెలలు ఆగగలిగాను. ఆసుపత్రి బిల్లు కట్టడానికి రేపటికల్లా అమ్ముకోవాల్సిన మనిషిని ఇదే పని చేయమని చెప్పే నోరు నాకు లేదు. కానీ ఆగగలిగినవాళ్లం, ఏ తొందరా లేనివాళ్లం, మా దిక్కు చాలామందిమే ఉన్నాం. మొదటి అడుగు మేమే వేయాలి.

రిజిస్ట్రేషన్ రోజున వేలిముద్ర పెట్టాక ‘పైసలన్నీ ముట్టినయా?’ అని నన్నడిగారు. ‘ముట్టినయి’ అన్నాను. ఈసారి కాగితం కూడా అదే మాట చెప్పింది. పెళ్లిలో అమ్మాయి మెడలో అనుకున్నదానికన్నా మూడు తులాలు తక్కువే ఉంది. ఫొటోలు చూసినప్పుడల్లా మా ఇంటావిడ ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉంటుంది.

మొన్న ఏజెంటు ఫోన్ చేశాడు. ‘సారూ, మీ లెక్క మొత్తం వైట్‌కు అమ్మెటోళ్లు ఎవరన్న ఉన్నరా? ఇద్దరు నౌకరోళ్లు అడుగుతున్నరు’ అన్నాడు. మా బళ్లో పనిచేసిన ఇంకో మాస్టారి ప్లాటు అమ్మకానికుందని విన్నాను. రేపు పొద్దున వెళ్లి మాట్లాడాలి.