గాలివార్తయు గుంపును

పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవన్న గాలివార్త 2018వ సంవత్సరపు వేసవిలో మన దేశమునందు ఇరువదిమందికి పైగా నిరపరాధుల ప్రాణములను గొన్నది. ఆ జూన్ నెలలో అస్సాములోని కర్బీ ఆంగ్లాంగ్ ప్రాంతమున జలపాతమును చూడబోయిన యిద్దరు యువకులు గుంపుచేతిలో హతులైరి. జూలై 1వ తేదీని మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, భిక్షాటనముచే జీవించు సంచారజాతివారు అయిదుగురు పంచాయతీ కార్యాలయపు గదిలోనే చావగొట్టబడిరి. జూలై 13వ తేదీని బీదరు జిల్లాలోని ముర్కి యొద్ద, మన హైదరాబాదునుండి మిత్రులతో కారులో వెళ్లిన ఇంజనీరొకడు మరణించెను. ఆ మిత్రులు చేసిన నేరమెల్ల దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచుటయే. ఒక గ్రామమున తప్పించుకొని వారు సాగిపోవునంతలో వాట్సాప్ సందేశము వారికంటె ముందు పోయి ముందరి గ్రామమును మేల్కొలిపినది. అచ్చటివారు చెట్టు నడ్డువేసి దారి మూసిరి. కాపాడబోయిన పోలీసువారును గాయపడిరి.

ఇట్టి దారుణములు జరిగినప్పుడెల్ల విద్యావంతులు చెప్పు సమాధాన మొక్కటే: గుంపునకు మతి యుండదు, పల్లెవారు పామరులు, కావున నిట్లు జరిగినది అని. గుంపులో చేరినవాడు తన బుద్ధిని పోగొట్టుకొని పశుప్రాయుడగునని ఫ్రెంచి పండితుడు గుస్తావ్ లెబాన్ 1895లోనే ఒక గ్రంథము వ్రాసి ఈ మతమునకు ప్రచారము కల్పించెను. ఈ వాదము పట్టణవాసులకును, భూస్వాములకును మిక్కిలి హాయి గొల్పునది. తప్పు తమది కాదన్న యూరట అందు కలదు. కాని కర్ర పట్టినవాని చేతికి ఆ వార్త నెవరందించిరి? చదువవచ్చిన వేళ్లే గదా ఆ సందేశమును ఒక యింటినుండి వేయి యిండ్లకు పంపినవి! గుంపు రోడ్డుపై పుట్టుట లేదు. అంతకు పూర్వమే, అరుగులమీదను, కచేరీలలోను, చేతిలోని ఫోనులలోను అది కూడుకొనుచున్నది. సాంఘిక మనశ్శాస్త్రము గత తొంబదియేండ్లలో ఈ సంగతిని శ్రద్ధతో పరిశీలించినది. అందు మొదటి మెట్లలో నొకటి మన దేశముననే పడినదని చాలమంది యెరుగరు.

1934 జనవరి 15వ తేదీని బీహారు, నేపాళములను కుదిపివేసిన భూకంపములో పదివేలమందికి పైగా మరణించిరి. ఆ దినములలో ప్రజలలో చెలరేగిన వదంతులను జమునాప్రసాద్ అను మన మనశ్శాస్త్రవేత్త ఓపికతో సేకరించి, 1935లో ఇంగ్లండునందలి మనశ్శాస్త్ర పత్రికలో ప్రకటించెను. ఆ వదంతులను చదివినచో ఆశ్చర్యము కలుగును. భూకంపవేళ గంగానది నీరు మాయమై, స్నానము చేయుచున్నవారు ఇసుకలో కూరుకుపోయిరట. నేపాళపు సరిహద్దునుండి మధుబనిపైకి వరద విరుచుకొనిపడుచున్నదట. పాట్నాలో పెనుతుపాను రానున్నదట. చంద్రగ్రహణమునాడు మరల భూమి కంపించునట! వీనిలో పెక్కు, జరిగినదానిని గూర్చినవి కావు. జరుగబోవు ఘోరమును గూర్చినవి.

ఇందులో ఒక చిక్కు కలదు. ఈ భయంకరవార్తలను పుట్టించి నమ్మినవారు ఇల్లు కూలినవారు కారు. కుదుపు ననుభవించియు ఏ నష్టమును పొందనివారే అట్లు చెప్పుకొనిరి. భయపడినవాడు తన భయమును పోగొట్టు వార్తను గదా వెదకవలసినది? అతడు దానిని పెంచు వార్తను వెదకుటేల? అమెరికా శాస్త్రజ్ఞుడు లియాన్ ఫెస్టింగర్ ఈ ప్రశ్ననుండియే తన ప్రసిద్ధ సిద్ధాంతమునకు దారి కనుగొని 1957లో దానిని గ్రంథముగా వెలువరించెను. ఆయన చెప్పినది సూక్ష్మముగా నిది: గుండె దడదడ కొట్టుకొనుచున్నది, కన్నులకు మాత్రము కారణము కనబడుట లేదు, ఈ పొసగనితనము మనస్సునకు దుర్భరము. అందుచే తన భయమునకు తగినంత పెద్ద కారణమును మనస్సు వెదకికొనును. రాబోవు వరద యను వార్త అతనికి భయమును కలిగించినది కాదు. ఉన్న భయమునకు న్యాయము చేకూర్చినది. 1950లో డార్జిలింగునందు కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టము కలిగినప్పుడు దుర్గానంద సిన్హా అను మరొక భారతీయ శాస్త్రవేత్త అచ్చటి వదంతులను పరిశీలించెను. విధ్వంసమును కన్నులార చూచిన ఆ జనులలో మున్ముందు ఇంతకంటె ఘోరము రానున్నదన్న వదంతులు కానరాలేదు. వారి భయమునకు కారణము ఎదుటనే యున్నది. కొత్తది కల్పించుకొనవలసిన పని లేకపోయినది.

ప్రసంగవశమున నొక మాట. ఆ భూకంపమునకు అస్పృశ్యతాపాపమే కారణమని గాంధీమహాత్ముడు చెప్పగా, రవీంద్రనాథ ఠాకూరు దానిని బహిరంగముగా ఖండించెను. ఆ ఖండనమును మహాత్ముడే తన హరిజన పత్రికలో 1934 ఫిబ్రవరిలో ప్రకటించెను. అస్పృశ్యత పాపమన్న విషయమున ఇరువురకును భేదము లేదు. భయవిహ్వలులైన జనులకు ప్రకృతివైపరీత్యమును గూర్చి ఏమి చెప్పవలయునన్నదే వివాదము. ఈ విషయమున మేము ఠాకూరు పక్షము వారము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున వదంతులను పరిశోధించిన ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అను హార్వర్డు పండితులు 1947లో ఒక సూత్రమును చెప్పిరి. విషయము వినువానికి ఎంత ముఖ్యమో, దానిని గూర్చిన నిజము ఎంత అస్పష్టమో, ఆ రెంటిని హెచ్చవేయగా వచ్చినంతయే వదంతి బలము. కూడుట కాదు, హెచ్చవేయుట! రెంటిలో నొకటి సున్న యైనచో వదంతియు సున్నయే. మన బిడ్డలకంటె మనకు ముఖ్యమైనది లేదు గనుక మొదటి అంకెను తగ్గించుట ఎవరి తరము కాదు. తగ్గింపదగినది అస్పష్టత యొక్కటియే.

ఆ పండితులే ఒక బొమ్మను ఒకనికి చూపి, అతడు చూడని రెండవవానికి, రెండవవాడు మూడవవానికి చెప్పునట్లు ప్రయోగములు చేసిరి. అయిదారు నోళ్లు మారునప్పటికి వివరములలో నూటికి డెబ్బదిపాళ్లు రాలిపోయెను, మిగిలినవి పదునెక్కెను. ఒక బొమ్మలో తెల్లవాని చేత మంగలికత్తి యున్నది, ఎదుట నొక నీగ్రోజాతివాడు నిలిచియున్నాడు. సగమునకు పైగా ప్రయోగములలో ఆ కత్తి నోటినుండి నోటికి పోవుచు, ఎక్కడనో యొకచోట తెల్లవాని చేతినుండి నల్లవాని చేతికి మారెను! చెప్పినవాడు అబద్ధమాడవలెనని యనుకొనలేదు. అతని మనస్సులో ఆ కత్తి మొదటినుండియు నల్లవాని చేతనే యున్నది.

2018లో మన దేశమున చేతులు మారిన దృశ్యమొకటి ఇట్టిదే. మోటారుసైకిలుపై నిద్దరు వచ్చి వీధిలో నాడుకొను బాలుని ఎత్తుకొనిపోవు దృశ్యము అది. నిజమునకు, కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీసిన ప్రచారచిత్రము. చివర ఆ యిద్దరును బాలుని తిరిగి దింపి, హెచ్చరికను చూపుదురు. ఆ చివరిభాగమును ఎవరో కోసివేసిరి. మిగిలిన ముక్క బెంగుళూరులో జరిగినదిగా, మన పక్కయూరిలో జరిగినదిగా తిరిగెను. ఆ కత్తి యెవరి చేతికి వచ్చెను? బిచ్చమెత్తువారికి, దేశదిమ్మరులకు, భాష రానివారికి, మతి చలించినవారికి. తెలుగునాట తిరిగిన వదంతులలో పార్ధీ ముఠాల పేరు వినవచ్చెను. పార్ధీలను, మన యెరుకలవారిని, మరి యెన్నో సంచారజాతులను ఆంగ్లప్రభుత్వము పుట్టుకచేతనే నేరస్థులని శాసించినది. 1871లో మొదలైన ఆ చట్టము 1911 తరువాత మద్రాసు రాజధానికిని వ్యాపించినది. స్టువార్టుపురపు సెటిల్మెంటు మన పాఠకు లెరుగనిది కాదు. మద్రాసులో 1947లోను, దేశమంతట 1952లోను చట్టము రద్దయినది. రాజశాసనము పోయినను జనుల మనస్సులోని శాసనము మాత్రము పోలేదని రైన్‌పాడా నిరూపించినది. నిప్పు లేనిదే పొగ రాదనువారు ఈ పొగ ఎన్నడు రాజేసిన నిప్పునుండి వచ్చినదో విచారింపవలెను.

అయినను, అంతమందిలో ఒక్కడైన ఆగుడనలేదా యని పాఠకు లడుగవచ్చును. సాలమన్ ఆష్ అను పండితుడు 1951లో ప్రకటించిన ప్రయోగము ఈ విషయమున స్మరణీయము. ఏడెనిమిదిమందిని కూర్చుండబెట్టి, మూడు గీతలలో ఏది మరియొక గీతకు సమానమో చెప్పుమనిరి. పసివాడైనను చెప్పగల ప్రశ్న. కాని ఒక్కడు తక్క అందరును ముందుగా కట్టడి చేసికొనినవారే. వారు కావలెనని ఒక్కటే తప్పు చెప్పిరి. ఆ అమాయకుడు ఇంచుమించు మూటికొకసారి తన కన్నులను కాదని వారితో నేకీభవించెను. నలుగురితోపాటు నారాయణ! అయినను నలుగురిలో నొక్కడు కడవరకును లొంగకపోవుటయు గమనింపదగినది. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. ఆ బృందములో నింకొక్కడు నిజము చెప్పునట్లు ఏర్పాటు చేయగా లొంగుబాటు నాలుగవవంతునకు పడిపోయెను. ఆ తోడు చెప్పినది కూడ తప్పే యైనను, అందరితో విభేదించుటయే చాలి యుండెను. అందరు నమ్మిరి గనుక నమ్మితినను వాడు వాస్తవముగా చూచుచున్నది నమ్మకమును కాదు, మౌనమును. పదిమంది తలలో సందేహ ముండియు ఒక్కరును పలుకనిచో పదిమందియు నమ్మినట్లే వానికి కనబడును.

ప్రభుత్వములు ఈ విషయమున చేయుచున్నదేమి? 2012 ఆగస్టులో ఈశాన్యరాష్ట్రముల వారిపై దాడులు జరుగునన్న వదంతికి వేలకొలది జనులు బెంగుళూరు విడిచి ప్రత్యేకరైళ్లలో స్వస్థలములకు పరుగెత్తగా, దినమునకు అయిదు సందేశములకు మించి పంపరాదని పదునైదు దినములు నిషేధించిరి. 2018 జూలైలో వాట్సాప్ సంస్థ కూడ ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ చేసినది. ఇవి నిష్ప్రయోజనములు కావు; వేగము తగ్గినచో ఆలోచనకు వ్యవధి చిక్కును. కాని అల్లరి జరిగినచోట ఇంటర్నెట్టునే మూసివేయుట వేరొక సంగతి. ఆల్‌పోర్టు లెక్క ప్రకారము చూచినచో అది రెండవ అంకెను పెంచుటయే. అబద్ధము మూసిన తలుపుసందుననైనను దూరగలదు. ప్రభుత్వపు ఖండనము దూరలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీని విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడిన తరువాతి వారమున, శత్రునౌకలు వచ్చుచున్నవన్న సమాచారమును నమ్మి మద్రాసు ప్రభుత్వమే తన కార్యాలయములను లోనాడులకు తరలించినది. దొరలే మూటలు గట్టగా జనులు ఆగుదురా? నగరము సగము ఖాళీయైనది. నౌకలు రానే లేదు. ఆనాడు వాట్సాపు లేదు, ఇంటర్నెట్టు లేదు.

శాసనముల కొరతయు లేదు. 2018 జూలై 17వ తేదీని సుప్రీముకోర్టు ప్రతి జిల్లాకు గుంపుహింసను నివారించు బాధ్యుడైన అధికారిని నియమింపవలెనని ఆదేశించినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత, అయిదుగురో అంతకంటె ఎక్కువమందియో కూడి జాతి, కులము, భాష, పుట్టినచోటు మొదలగు కారణములచే చేయు హత్యకు మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని విధించుచున్నది. గాలివార్తను నమ్మి చంపినవారిని ఈ కారణములలో దేనిక్రింద చేర్తురో న్యాయస్థానములు తేల్చవలసియున్నది. ఎట్లు తేల్చినను, శిక్ష హత్యానంతరము వచ్చునది.

2018 జూన్ 28వ తేదీని త్రిపురలో జరిగినది ఈ చర్చకంతటికిని మూలమును తాకుచున్నది. పిల్లల దొంగల వదంతులు అబద్ధములని గ్రామములలో మైకుతో చెప్పుటకు ప్రభుత్వము నియోగించిన మనుష్యుని, ఆ చెప్పబోయిన గ్రామమువారే పిల్లల దొంగ యని చంపివేసిరి! చెప్పిన మాట సత్యమే, చెప్పినవాడు పరాయివాడు. అదే సంవత్సరము మన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి గారు వేరుమార్గమున పోయిరి. గ్రామ గ్రామమునకు నొక పోలీసువానిని బాధ్యునిగా పంపి, వదంతి పుట్టకముందే ఆ యూరివారితో పరిచయము కల్పించిరి. ఎండకాలమున ఆరుబయట పండుకొను జనులు తలుపులు బిగించుకొని లోపల పండుకొనుచున్నారని మొదట గమనించినది ఆ పోలీసువారే. కారణమడుగగా ఫోనులలోని దృశ్యములు బయటపడినవి. అంతట డప్పులతో, పాటలతో ఊరూరను ఆ వార్త నిజము కాదని చాటించిరి. సందేహమున్న సందేశమును పోలీసువారికే పంపుడనిరి. ఆమె యధికారము క్రింద నాలుగువందల గ్రామములుండగా, ఆ వదంతుల కాలమున అచ్చట ఒక్కడును గుంపుచేతిలో చావలేదు.

ఈ పద్ధతికి వ్యయము స్వల్పము. కావలసినది ఊరెరిగిన మనిషి, వానికి ముందే కుదిరిన నమ్మకము. తెలుగు ప్రభుత్వములు రెండును దీనిని ఒక్క యధికారి చొరవకు వదలక, గ్రామ సచివాలయములకును పంచాయతీలకును నిత్యకృత్యముగ విధింపవలెను. వదంతి వినబడిన గంటలోపల ఫలానా బిడ్డ తప్పిపోలేదని, ఫలానా ఊరిలో ఏమియు జరుగలేదని, పేరులతోను స్థలములతోను చెప్పగల నోరు ప్రతి గ్రామమునను ఉండవలెను. అట్టి నోరు సర్కారు జీతగాడిదే కానక్కరలేదు. బడిపంతులుది కావచ్చును, రచ్చబండపై మాట చెల్లు రైతుది కావచ్చును. ఫోనులో వచ్చిన ఆ దృశ్యమును మొదట చూచునదియు సామాన్యముగ వారే.