కాలు తీసేముందు పరీక్ష చేశారా?

‘మదురా పాదం’ అనే జబ్బుకు ఆ పేరు తమిళనాడులోని మదురై నుండే వచ్చింది. 1842లో అక్కడి వైద్యుడు గిల్ దీన్ని నమోదు చేశాడు. 1860లో బొంబాయిలో వాండైక్ కార్టర్ మైసెటోమా అని పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది మాత్రం 2016లో! ఇంత ఆలస్యం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇది ఎక్కువగా చెప్పుల్లేకుండా పొలంలో దిగేవారి జబ్బు.

ముల్లు గుచ్చుకుంటుంది, మానిపోతుంది. నెలలకో ఏళ్ళకో అక్కడ గట్టి గడ్డ లేస్తుంది. నొప్పి అంతగా ఉండదు గనుక కూలి మానుకొని ఎవరూ ఆసుపత్రికి వెళ్ళరు. తర్వాత రంధ్రాలు పడి, చీముతో పాటు చిన్న చిన్న రవ్వలు వస్తాయి. ఆ రవ్వలే అసలు ఆనవాలు. తుడిచి పారేయకుండా డాక్టరుకు చూపించాలి. ఇది కుష్ఠు కాదు, శాపమూ కాదు. ఒకరి నుండి ఒకరికి అంటదు గనుక ఆరాధనలో ఎవరినీ వెనక కూర్చోబెట్టనక్కరలేదు.

నల్ల రవ్వలైతే సాధారణంగా ఫంగస్. తెల్లవైతే ఫంగస్ కావచ్చు, బాక్టీరియా కావచ్చు. అది తేలాలంటే లోతు నుండి ముక్క తీసి బయాప్సీ, కల్చర్ చేయాలి. బాక్టీరియా అయితే కోట్రైమాక్సజోల్, అమికాసిన్ వంటి మందులతో చాలామందికి కాలు దక్కుతుంది. ఫంగస్ అయితే ఇట్రాకొనజోల్ నెలల తరబడి, తరచు ఏడాదికి పైగా వాడాలి, ఆపరేషనూ అవసరం కావచ్చు.

రోజుకూలీకి ఏడాది మందులు ఎవరు కొనిపెడతారు? ఈ పరీక్షలు, మందులు జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా కావాలని మన సంఘాలు కలెక్టరుకు అర్జీ పెట్టాలి. సంతకాలు సేకరించే పని యువతది.